రష్యన్ విశేషణాల ఘాటు, ఇంగ్లీషు అనువాదకుల తంటా

మహేంద్రసింగ్ ధోనీ 2001 నుంచి 2003 దాకా ఖరగ్‌పూర్‌లో రైల్వే టికెట్ ఎగ్జామినరు. ఉద్యోగం చేస్తూనే రైల్వే జట్టుకు ఆడేవాడు. అలాంటి ఆటగాడు సిక్సరు కొడితే పక్కనున్న బెంగాలీ అభిమాని నోట వచ్చే మాట ‘దారుణ్’. శ్రీకాకుళం నుంచి కొత్తగా దిగిన తెలుగు చుట్టం ఆ మాట వింటే ‘పాపం, అంత ఘోరంగా ఆడాడా?’ అనుకుంటాడు. రెండు భాషల్లోనూ ఉన్నది ఒకే సంస్కృత పదం. తెలుగులో దారుణం అంటే హత్య, అత్యాచారం, పత్రికలో నల్లటి శీర్షిక. బెంగాలీలో అదే మాటకు అర్థం అద్భుతం.

‘భీషణ’ సంగతీ అంతే. మనకు భీషణ సంగ్రామం తెలుసు, భీషణ ప్రతిజ్ఞ తెలుసు. బెంగాలీలో ‘భీషోణ్ భాలో’ అంటే చాలా బాగుంది అని. అక్కడ భీషణంలో భయం ఎప్పుడో కరిగిపోయి ‘చాలా’ అన్న అర్థమే మిగిలింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తరతరాలుగా ఈ ఊళ్ళో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది కొత్త కాదు. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, ఆఫీసులో హిందీ, పక్క క్వార్టర్లో ఒడియా. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు వార్తల్లో ఎక్కువగా వినబడిన ఊరు ఖరగ్‌పూరే. ఇక్కడ పెరిగిన పిల్లవాడికి ‘దారుణ్’ ఎక్కడ మెచ్చుకోలో, ‘దారుణం’ ఎక్కడ తిట్టో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

రష్యన్ నవలల్ని ఇంగ్లీషు చేసేవాళ్ళను నూరేళ్ళకు పైగా వేధిస్తున్న చిక్కు సరిగ్గా ఇదే. రష్యన్‌లో ఘాటైన విశేషణాలు ఎక్కువ. నిఘంటువు తీస్తే ప్రతిదానికీ ఇంగ్లీషు మాట దొరుకుతుంది. దాన్ని వాక్యంలో పెట్టి చూస్తే ఒకచోట మరీ పేలవంగా ఉంటుంది, మరొకచోట నాటకంలో కేకలా ఉంటుంది. మనం చదివిన గోర్కీ, టాల్‌స్టాయ్, దొస్తొయేవ్‌స్కీ చాలావరకు ఇంగ్లీషు మీదుగానే తెలుగులోకి వచ్చారు కాబట్టి ఆ చిక్కు మనకూ వారసత్వంగా వచ్చింది.

శాస్త్ర పుస్తకాలకు ఈ బెడద లేదు. హిజ్లీ పాత నిర్బంధ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎన్ని తరాల విద్యార్థులో ఇరోదొవ్ భౌతికశాస్త్ర సమస్యల్ని మాస్కోలోని మీర్ ప్రచురణల ఇంగ్లీషులో చేశారు. వేగం ఏ భాషలోనైనా వేగమే, ఘర్షణ ఘర్షణే. ‘భయంకరమైన చలి’ దగ్గరికి వచ్చేసరికే లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో నాలుగు రకాలుగా విడదీసి చూద్దాం.

జంట కట్టిన మాటలు

మొదటి రకం విశేషణాలు ఒంటరిగా తిరగవు. ఏదో ఒక నామవాచకంతో జంట కట్టి ఉంటాయి. తెలుగులోనే చూడండి. చీకటి కటికది, ఎండ మండుటెండ, అబద్ధం పచ్చిది, ముసలి పండు ముసలి, నిద్ర మొద్దు నిద్ర, చాకిరీ గొడ్డు చాకిరీ. వీటన్నిటిలో ముందున్న మాట చేసే పని ఒక్కటే, ‘చాలా’ అని చెప్పడం. అయినా ఒకదాని చోట ఇంకొకటి ఇమడదు. ‘పచ్చి చీకటి’ అన్నా, ‘కటిక అబద్ధం’ అన్నా వినేవాడు నవ్వుతాడు.

రష్యన్‌లోనూ ఇలాంటివి కోకొల్లలు. గడ్డ కట్టించే చలికి వాళ్ళు వాడే మాట ‘ల్యూతియ్’. క్రూరమృగానికీ పగవాడికీ వాడే విశేషణం అది. పొరుగున ఉక్రెయిన్ భాషలో ఫిబ్రవరి నెల పేరే అది. చిమ్మచీకటికి ‘క్రమేష్నయ’ అంటారు. ఆ మాట చీకటికీ నరకానికీ తప్ప దాదాపు మరి దేనికీ వాడరు. వట్టి మూర్ఖుణ్ణి ‘గుండ్రటి మూర్ఖుడు’ అంటారు. నల్లటి జుట్టున్న మనిషిని ‘మండే’ నల్లజుట్టువాడు అంటారు. నిశ్శబ్దం వాళ్ళకు ‘శవపేటిక నిశ్శబ్దం’. గుండ్రటి మూర్ఖుణ్ణి ఇంగ్లీషులో ‘రౌండ్ ఫూల్’ అంటే బొద్దుగా ఉన్నాడనుకుంటారు. అక్కడ ఇంగ్లీషువాడి జంట మాట ‘అటర్ ఫూల్’, మన జంట మాట ‘శుద్ధ మొద్దు’.

ఈ జంటల్ని ఒక పద్ధతి ప్రకారం పట్టుకున్నవాళ్ళు రష్యన్ భాషావేత్తలే. 1960ల్లో మాస్కోలో యంత్రాల చేత అనువాదం చేయించాలన్న ప్రయత్నం జోరుగా సాగింది. ఇగోర్ మెల్చుక్, అలెగ్జాండర్ జోల్కోవ్‌స్కీ ఆ పనిలో ఉండగా, యంత్రానికి మాటకు మాట నేర్పితే లాభం లేదని తేలింది. అందుకని ‘తీవ్రత’ అన్న భావానికి వాళ్ళు ఒక గుర్తు పెట్టారు. దాని పేరు ‘మాగ్న్’, పెద్ద అన్న అర్థమున్న లాటిన్ మాట నుంచి తీసుకున్నది. చీకటికి మాగ్న్ ఏది అని రష్యన్‌ను అడిగితే ‘క్రమేష్నయ’ అంటుంది, ఇంగ్లీషును అడిగితే ‘పిచ్’ అంటుంది, తెలుగును అడిగితే ‘కటిక’, ‘చిమ్మ’, ‘కారు’ అని మూడు చెబుతుంది. బెంగాలీని అడిగితే ‘ఘుట్‌ఘుటే’ అంటుంది. మెల్చుక్ 1977లో కెనడా వెళ్ళి మాంట్రియల్‌లో స్థిరపడ్డాడు. ఈ పద్ధతిలో తయారైన రష్యన్ నిఘంటువు 1984లో వియన్నాలో అచ్చయింది.

దీనివల్ల అనువాదకుడికి దొరికే సూత్రం చిన్నది. ముందు నామవాచకాన్ని దాటించాలి. ఆ తర్వాత, చేరిన భాషలో ఆ నామవాచకం ఏ విశేషణాన్ని వెంట పెట్టుకుని తిరుగుతుందో దాన్నే తెచ్చుకోవాలి. మూలంలోని విశేషణాన్ని మోసుకు రానక్కర్లేదు.

రైల్వే ఊరివాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. బయట జనం పెట్టెనే బోగీ అంటారు గానీ, వర్క్‌షాపులో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. రష్యా పట్టాల మధ్య వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, పశ్చిమ ఐరోపాలో చాలాచోట్ల 1,435. అందుకని బెలారస్ సరిహద్దులోని బ్రెస్ట్ దగ్గర పెట్టెల్ని జాకీలతో పైకెత్తి, కింద బోగీలు మార్చి, అవతలి పట్టాల మీదికి పంపేవారు. ప్రయాణికులు మాత్రం లోపలే ఉండేవారు. అనువాదంలో ప్రయాణికుడు అర్థం. విశేషణం బోగీ లాంటిది, సరిహద్దులో మారక తప్పదు.

మాటలోనే పెరిగే బలం

రెండో రకంలో బలం పక్క మాటలో ఉండదు, మాట కడుపులోనే పెరుగుతుంది. రష్యన్‌లో ‘బల్షోయ్’ అంటే పెద్ద. దానికి ఒక ప్రత్యయం తగిలిస్తే ‘బల్షూషియ్’, అంటే ఇంతింత కళ్ళు చేసుకుని చెప్పేటంత పెద్ద. ‘జ్లోయ్’ అంటే చెడ్డ, కోపిష్ఠి. ‘జ్ల్యూషియ్’ అంటే దగ్గరికి పోతే కరిచేటంత. ‘తోల్‌స్తియ్’ అంటే లావు. ‘తల్‌స్త్యేనియ్’ అంటే ఇటుక లాంటి లావు. తెల్లటి మంచును ‘బ్యేలియ్-బ్యేలియ్’ అని రెండుసార్లు చెప్పడం కూడా ఉంది. ఈ రూపాల్లో పరిమాణంతో పాటు చెప్పేవాడి గొంతు కూడా వినబడుతుంది. చాలావరకు ఇవి ఇంటి మాటలు, పిల్లల మాటలు, కథ చెప్పే అవ్వ మాటలు.

ఇంగ్లీషు దగ్గర ఇలాంటి ప్రత్యయాలు లేవు. ‘వెరీ’, ‘హ్యూజ్’, ‘గ్రేట్ బిగ్’ అని పక్కన మాటలు పేర్చుకోవాలి. పేర్చితే పరిమాణం వస్తుంది, గొంతు రాదు.

తెలుగు దగ్గర ఆ సరంజామా అంతా ఉంది. ‘పేద్ద ఇల్లు’ అని అచ్చును సాగదీస్తాం. ‘నల్లనల్లని మబ్బులు’ అని రెట్టిస్తాం. బడిలో చదువుకున్న ద్విరుక్తటకార సంధి గుర్తుందా? మొట్టమొదట, చిట్టచివర, నట్టనడుమ, పట్టపగలు. పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీపట్టిన ఆ సంధి నిజానికి తీవ్రతను పుట్టించే యంత్రం. రష్యన్‌వాడు ‘సరిగ్గా నడుమన’ అని నొక్కి చెప్పిన చోట ఇంగ్లీషు ‘రైట్ ఇన్ ద మిడిల్’ అని నాలుగు మాటలు ఖర్చు పెడుతుంది. తెలుగుకు ‘నట్టనడుమ’ ఒక్కటి చాలు. రష్యన్ నుంచి ఇంగ్లీషుకు వెళ్ళేటప్పుడు పోయేదాన్ని తెలుగు చాలావరకు నిలుపుకోగలదు, నేరుగా వస్తే.

కాలంతో పలచబడే మాటలు

మూడో రకం కాలంతో పాటు మారినవి. తెలుగు భాషాశాస్త్ర పుస్తకాలు అర్థోత్కర్ష, అర్థాపకర్ష అని వీటిని వివరిస్తాయి. ఒకప్పుడు సువాసనకు చెల్లిన ‘కంపు’ ఇవాళ ముక్కు మూసుకునేలా చేస్తోంది. ఘాటైన మాటలకు మరో ప్రమాదం కూడా ఉంది. అదేపనిగా వాడితే అవి పలచబడతాయి. బెంగాలీ ‘భీషోణ్’కు జరిగింది ఇదే. రష్యన్‌లో ‘స్త్రాష్నియ్’ అంటే భయం గొలిపేది. ‘స్త్రాష్న రాద్’ అంటే మాత్రం ‘ఎంతో సంతోషం’. ఇంగ్లీషులో ‘టెరిఫిక్’ ఒకప్పుడు భయపెట్టేది, ఇప్పుడు భేష్ అనే మెచ్చుకోలు. మనమూ తక్కువ తినలేదు. ‘చెడ్డ ఆకలిగా ఉంది’ అంటాం. ‘వాడు మా చెడ్డ మంచివాడు’ అని కూడా అంటాం.

కాబట్టి 1830ల నాటి గోగోల్ కథలో ‘స్త్రాష్నియ్’ కనబడితే అక్కడ నిజంగానే వెన్నులో చలి పుట్టాలి. ఇవాళ్టి మాస్కో కాలేజీ పిల్ల నోట అదే మాట వస్తే ‘తెగ’ అని రాస్తే సరిపోతుంది. ఒకే రచనలో రెండూ ఉండవచ్చు. ఇక మతంలో స్థిరపడిన పేర్ల సంగతి వేరు. లోకాంతంలో దేవుడు చెప్పే తీర్పును రష్యన్‌లు ‘స్త్రాష్నియ్ సూద్’ అంటారు, అంటే భయంకరమైన తీర్పు. ఇంగ్లీషు క్రైస్తవులకు అది ‘లాస్ట్ జడ్జిమెంట్’, తెలుగు క్రైస్తవులకు ‘అంతిమ తీర్పు’. భయాన్ని అనువదించాలని పట్టుబడితే చదివేవాడికి ఏ తీర్పో తెలియకుండా పోతుంది.

ఈ రకానికి లోకమంతా తెలిసిన ఉదాహరణ 1547లో జారుగా పట్టాభిషేకం చేసుకున్న నాలుగో ఇవాన్. రష్యన్‌లో ఆయన బిరుదు ‘గ్రోజ్నియ్’. ‘గ్రజా’ అంటే ఉరుములు మెరుపుల గాలివాన. ఆ మూలం నుంచి వచ్చిన ఈ విశేషణంలో శత్రువు గుండె జారేటంత గాంభీర్యం ఉంది, భక్తితో కూడిన జంకు ఉంది. 1818లో కాకసస్ కొండల దగ్గర రష్యన్ సైన్యం కట్టిన కోటకు పెట్టిన పేరు కూడా ఇదే. ఇవాళ అది చెచెన్యా రాజధాని గ్రోజ్నీ. ఇంగ్లీషువాళ్ళు ఆ బిరుదును ‘టెరిబుల్’ అన్నప్పుడు అది తప్పు కాదు. ఆ కాలపు ఇంగ్లీషులో దేవుణ్ణి కూడా ‘టెరిబుల్’ అనేవారు, 1611 నాటి బైబిల్ అనువాదం నిండా ఆ వాడుక ఉంది. తర్వాత ఇంగ్లీషు మాట దిగజారింది. టెరిబుల్ భోజనం, టెరిబుల్ సినిమా అనే స్థితికి వచ్చింది. పాత మాట పాత చోటే ఉండిపోవడంతో ఇవాన్ ఉత్త చెడ్డరాజుగా మిగిలాడు. ఆయన చేసిన ఘోరాలకు కొదవ లేదు గానీ, ఆ బిరుదు వాటి గురించి పెట్టినది కాదు.

తెలుగులో దీనికి సరితూగే మాట ‘ఉగ్ర’. ఉగ్రనరసింహుడు అన్నప్పుడు భయపడతాం, భయపడుతూనే చేతులు జోడిస్తాం. ‘గ్రోజ్నియ్’ అచ్చంగా ఆ మిశ్రమమే. అయితే ఇక్కడా కాలం కాపు కాసి ఉంది. ‘ఉగ్రవాది’ అనే మాట పత్రికల్లోకి వచ్చిన తర్వాత ‘ఉగ్ర ఇవాన్’ అంటే పిల్లలకు ఏం తోస్తుందో ఊహించవచ్చు. ‘ఇవాన్ ఉగ్రమూర్తి’ అంటే ఆ బెడద కొంత తప్పుతుంది.

ఎవరు, ఎవరితో అంటున్నారు?

నాలుగో రకంలో చిక్కు మాటది కాదు, పలికే మనిషిది. ‘జ్లోయ్’ అన్న రెండక్షరాల విశేషణాన్నే తీసుకోండి. రష్యాలో ఇంటి గేటు మీద ‘జాగ్రత్త, జ్లోయ్ కుక్క’ అన్న బోర్డు ఉంటుంది. అక్కడ దాని అర్థం కరిచేది అని. ఇంగ్లీషు బోర్డు ‘బివేర్ ఆఫ్ డాగ్స్’ అని ఊరుకుంటుంది. మన గేటు మీదా ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అనే ఉంటుంది. ఇద్దరం విశేషణాన్ని వదిలేశాం, అయినా అతిథి అంతే భయంతో ఆగుతాడు. ‘జ్లోయ్’ ఆవాలు అంటే ఘాటైన ఆవపిండి. ‘జ్లోయ్’ చలి అంటే కొరికే చలి.

ఇదే మాటను దొస్తొయేవ్‌స్కీ 1864 నాటి ‘నేలమాళిగ నుంచి రాతలు’ నవలిక మొదట్లోనే కథానాయకుడి నోట తన గురించి తానే అనిపించాడు. 1918లో ఇంగ్లీషు అనువాదకురాలు కాన్‌స్టన్స్ గార్నెట్ దాన్ని ‘స్పైట్‌ఫుల్’ అంది, అంటే కక్షబోతు. 1993లో రిచర్డ్ పెవియర్, లరీసా వొలఖోన్‌స్కీ దంపతులు ‘వికెడ్’ అన్నారు, అంటే దుష్టుడు. మొదటిది స్వభావం, రెండోది పాపపుణ్యాల విచారణ. పెవియర్ వాదన ఏమిటంటే రష్యన్‌లో ‘జ్లో’ అంటే చెడు, కీడు. ఆ వేరు తెగిపోకూడదు. గార్నెట్ వైపు న్యాయమూ లేకపోలేదు. ఆ మనిషి చేసే పనులు చూస్తే కక్షబోతుతనమే కనబడుతుంది. తెలుగులో ‘పాపిష్టి’ అంటే రెండూ కొంత కలుస్తాయి. తనను తాను తిట్టుకోవడానికి మన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు వాడే మాట కాబట్టి నోటికీ సహజంగా ఉంటుంది. అయితే కథానాయకుడు పీటర్స్‌బర్గ్‌లో చదువుకున్న మాజీ గుమస్తా. ఆయన నోట ‘పాపిష్టి’ నప్పుతుందా? ఇక్కడ నిఘంటువు చేతులెత్తేస్తుంది. అనువాదకుడే తేల్చుకోవాలి.

మోతాదు

ఈ నాలుగింటి మీద ఇంకో సమస్య ఉంది, మోతాదు. దొస్తొయేవ్‌స్కీ మనుషులు నిమిషానికో ఘాటైన మాట వాడతారు. మర్యాదగా తగ్గించి చెప్పడం అలవాటైన ఇంగ్లీషులో ఆ మాటలన్నీ యథాతథంగా పెడితే వాళ్ళంతా పూనకం వచ్చినవాళ్ళలా ఉంటారు. అన్నీ తగ్గిస్తే అందరూ ఒకేలా, నెమ్మదస్తుల్లా వినబడతారు. గార్నెట్ తన జీవితకాలంలో దాదాపు 70 సంపుటాల రష్యన్ సాహిత్యాన్ని ఇంగ్లీషు చేసింది. ఇంగ్లీషు పాఠకుడికి టాల్‌స్టాయ్‌కీ దొస్తొయేవ్‌స్కీకీ తేడా తెలియకపోవడానికి కారణం, అతను చదివేది ఇద్దర్నీ కాదు గార్నెట్‌ను అని కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీ ఎత్తిపొడిచాడు. మాట కటువే గానీ, ఆమె లేకపోతే ఎందరో ఇంగ్లీషు పాఠకులకు ఆ ఇద్దరూ అంత సులువుగా దొరికేవారు కాదు.

మోతాదు నిలబెట్టడానికి మంచి అనువాదకులు చేసే పని బలాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మార్చడం. రష్యన్‌లో ‘ప్రలివ్నోయ్ వాన’ కురిస్తే ఇంగ్లీషులో విశేషణాన్ని పూర్తిగా వదిలేసి ‘ఇట్ వాజ్ పోరింగ్’ అని క్రియలో బలం పెడతారు. తెలుగులో ‘కుండపోతగా కురిసింది’ అని క్రియా విశేషణంలో పెడతాం. ఖరగ్‌పూర్ బెంగాలీ ‘ముషల్‌ధారే’ అంటాడు, రోకలంత లావు ధార అని. ఒకరికి కుండ, ఒకరికి రోకలి, తడవడం అందరికీ ఒకటే.

కొన్నిసార్లు మార్చినప్పుడు పోయేదీ ఉంటుంది. ఓస్త్రోవ్‌స్కీ 1870 నాటి నాటకం పేరు ‘బేషెనియె దేన్గి’. ‘బేషెనియ్’ అంటే పిచ్చికుక్కకు వాడే పిచ్చి. డేవిడ్ మగార్షాక్ దాన్ని ఇంగ్లీషులో ‘ఈజీ మనీ’ చేశాడు. నాటకశాలకు అది బాగా పలికే పేరు. ఆ ఇంగ్లీషు పేరు నుంచి తెలుగు చేస్తే ‘తేరగా వచ్చిన సొమ్ము’ అవుతుంది. చక్కటి తెలుగే, కుక్క కాటు మాత్రం అందులో లేదు. రష్యన్ నుంచి వస్తే ‘పిచ్చెక్కిన డబ్బు’ అనే అవకాశం ఉండేది.

ఇంగ్లీషు మీదుగా వచ్చే దారిలో మనకు ఎక్కువగా జరిగే నష్టం ఇదే. క్రొవ్విడి లింగరాజు గోర్కీ ‘అమ్మ’ను తెలుగు చేసిన రోజుల్లో వేరే దారి లేదు. తర్వాత హౌరా–మద్రాసు లైను మీదున్న బరంపురానికి చెందిన ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలోనే ఉండి తెలుగు అనువాదాలు చేశారు. విశాలాంధ్ర దుకాణాల్లో తక్కువ ధరకు దొరికిన ఆ పుస్తకాలతో పెరిగిన పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. సోవియట్ యూనియన్ 1991లో పోయింది, దానితో పాటు ఆ ఏర్పాటూ పోయింది.

ఇప్పుడు రష్యన్ కథను తెలుగు చేయాలనుకునేవారు ఇంగ్లీషు ప్రతి ఒక్కటే పెట్టుకుని కూర్చోకండి. కనీసం రెండు ఇంగ్లీషు అనువాదాలు పక్కపక్కన పెట్టండి. రెండూ ఒక విశేషణం దగ్గర విడిపోయాయంటే మూలంలో అక్కడ ఏదో బరువైన మాట ఉందని గుర్తు. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. తెలుగులో ఆ నామవాచకానికి జంట మాట ఏది? ఆ రచన ఏ కాలానిది? ఆ మాట అంటున్నది ఎవరు? వీటికి జవాబులు దొరికాకే నిఘంటువు తెరవండి. అందులో మొదటి అర్థాన్ని చివరికి చూడండి. ఇక ఖరగ్‌పూర్ లాంటి ఊళ్ళలో నాలుగు భాషలు వింటూ పెరిగిన తెలుగు పిల్లలకు ఒక మాట. ‘దారుణ్’కూ ‘దారుణం’కూ తేడా పట్టగల చెవి మీకు ఉచితంగా వచ్చింది. మీలో కొందరైనా ఐదో భాషగా రష్యన్ నేర్చుకుని, ఆ పుస్తకాల్ని ఇంగ్లీషు మీదుగా కాక నేరుగా తెలుగులోకి తీసుకురండి.